వదిన పెన్‌డ్రైవ్

తమ కంప్యూటర్‌లో పనిచేస్తే లోకమంతా పనిచేస్తుందనుకోవడం ప్రోగ్రాములు రాసేవాళ్లకి పుట్టుకతో వచ్చిన జబ్బు. మన కథలో మరిదికి ఆ జబ్బు కాస్త ముదిరింది కూడా.

అతని వదిన చేపల మీద పరిశోధన చేస్తుంది. చేప తలలో చిన్న రాయి ఉంటుంది, దాని మీద ఏడాదికో వలయం పడుతుంది. ఆ వలయాలు లెక్కపెట్టి చేప వయసు చెప్పే ప్రోగ్రామ్‌ని యూనివర్సిటీలో మరిది వాళ్ల జట్టు రాసింది. రాయడం ఒక ఎత్తు, దాన్ని మూటగట్టి ఎవరైనా తమ కంప్యూటర్‌లో సొంతంగా ఎక్కించుకునేలా చేయడం మరో ఎత్తు. ఆ రెండోది మరిది నెత్తిన పడింది.

పోయినసారి అతనిచ్చిన పెన్‌డ్రైవ్ పట్టుకుని వదిన లాంచీలో దీవి మీదున్న తన స్టేషన్‌కి వెళ్లింది. అక్కడ ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు గానీ నెట్ అందదు. తీరా చూస్తే ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. దానికి కావలసిన ముక్క ఒకటి మరిది కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. పాపం, సీజనంతా ఆవిడ మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టి ఒక్కో వలయమే లెక్కపెట్టుకుంది. కళ్లు వాచి తిరిగొచ్చినా పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని మరిది ఇప్పటికీ కుములుతుంటాడు.

అందుకే ఈసారి పాత కంప్యూటర్ ఒకటి, లోపలున్నదంతా శుభ్రంగా తుడిచిపెట్టి, దాని ముందు వదిననే కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం ఆవిడ లాంచీ.

"నేను చెయ్యి పెట్టను, నోరెత్తను. అంతా నువ్వే ఎక్కించు వదినా."

"నోరెత్తకుండా, నువ్వా? సరే చూద్దాం," అంది వదిన.

ప్రోగ్రామ్ ఎక్కింది, చక్కగా తెరుచుకుంది. మరిది ముఖం చాటంత అయింది.

వదిన వంగి కంప్యూటర్ వెనకున్న నెట్ తీగ పీకేసింది. "మా స్టేషన్‌లో ఇది ఉండదుగా మరిదీ. మళ్లీ తుడిచిపెట్టు, ఇంకోసారి చేద్దాం."

ఈసారి ప్రోగ్రామ్ సగంలో చతికిలపడింది. మూటలో లేని ముక్కని ఇందాక గుట్టుచప్పుడు కాకుండా నెట్‌లోంచి తెచ్చేసుకుందన్నమాట, దొంగది! మరిది గబగబా ఆ ముక్కని మూటలో చేర్చాడు. మళ్లీ తుడిచి, తీగ లేకుండానే ఎక్కించారు. ఎక్కింది. వదిన పెన్‌డ్రైవ్ సంచిలో పడేసుకుని ఉరుకులు పరుగుల మీద రేవుకి వెళ్లింది.

మర్నాడు ఫోన్ మోగింది. వదిన. ఆ దీవి నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో ఆగిపోయినట్టే లెక్క.

"ఎక్కడ ఆగింది వదినా? తెర మీద ఏముందో చదువు."

"ఏమీ ఆగలేదు. పొద్దున్నే ఎక్కించేశాను. రాళ్ల ఫొటోలు హాయిగా మేస్తోంది."

"మరి ఫోనెందుకు చేశావు?"

"పనిలేక చేశాను. మైక్రోస్కోప్‌కి ముసుగేసి గట్టు మీద కూర్చున్నా. సముద్రం ఎంత బాగుందో. ఇన్నేళ్లుగా వస్తున్నాను, తీరిగ్గా చూసిందే లేదు."

మరిదికి మాట రాలేదు.

"నోరెత్తనన్నది నిన్నటికి కదా," అంది వదిన. "ఇవాళ మాట్లాడొచ్చులే."

మరిది కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు, ప్రోగ్రామ్ ఊసే రాలేదు.