మూతి వాచిన తల్లి

వానలు తెరిపిచ్చి వారం కాకముందే నిడమనూరు కాలువ కింద సన్నదోమలు లేచాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండవవి. చెవి దగ్గర చప్పుడు చేసే మర్యాద కూడా వాటికి లేదు, కుట్టి మంట పుట్టాకే వచ్చాయని తెలిసేది. మనిషైతే గోక్కుంటాడు, తిట్టుకుంటాడు, దుప్పటి కప్పుకుంటాడు. గొర్రె ఏం చేస్తుంది?

మైసమ్మ ఇంటి మందలో ఒక చుక్కల గొర్రెకు మూతి వాచింది. అది ఈని ఇరవై రోజులే. పెదవులు పొంగి, ముక్కు కారి, నాలుక నల్లబడింది. చూసిందే తడవు, మైసమ్మ కొడుకు బీరన్న దాన్ని మందలోంచి ఈడ్చుకెళ్ళి, దూరంగా కాలువ గట్టు కింద తుమ్మచెట్టుకు కట్టేశాడు. పిల్లను మాత్రం మందలోనే ఉంచాడు. బొబ్బరోగం వచ్చిన ఏడు వాళ్ళ నాన్న అలా చేసే మందను దక్కించుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో జబ్బు గొర్రెను వేరు చేయాలా వద్దా అని ఎవరూ అడగరు.

మూడు రోజులుగా పిల్ల ఇక్కడ అరుస్తోంది, తల్లి అక్కడ అరుస్తోంది. కోడలు సరళ పొద్దునా సాయంత్రం తల్లి పాలు పిండి పారబోసి, పిల్లకు సీసాతో మేకపాలు పడుతోంది. అది రెండు గుక్కలు తాగి మూతి తిప్పేసుకుంటోంది. దాని డొక్కలు అంటుకుపోయాయి. ఈ రాత్రి దాటుతుందో లేదోనని మైసమ్మ దాని పక్కనుంచి కదలడం లేదు.

“ఒక్కపారి తల్లికాడికి ఇడువు బిడ్డా,” అంది కొడుకుతో.

“ఇడిస్తే గిది సుత పోతది. నీకు పిల్ల మీద పానం కొట్టుకుంటంది, నాకు నలభై గొర్ల పరేషాన్.”

“నాకు అమ్మోరు పోసినప్పుడు నిన్ను గిట్లనే మీ అమ్మమ్మ చిలుకూరుకు తీస్కపోయింది. నెల దినాలకు తెచ్చి ఒళ్ళె ఏస్తే నువ్వు నా మొకం సూడలే. పాలు ముట్టలే.”

“మల్ల మొదలువెట్టినవా? ఇప్పుడు నీ సేతి బువ్వ తింటలేనా ఏంది?”

“తింటడు గని, తిన్న తలె ఏనాడన్న తీసిండా అత్తా!” అంది సరళ.

మైసమ్మకు నవ్వు రాలేదు. చంటివాడు తన ఒడిలోంచి జారి అమ్మమ్మ కొంగు కోసం చేతులు చాపిన ఆ పూట ఆమెకు నిన్నటిలాగే ఉంది.

సరళ ఫోను చేయగా సాయంత్రం నాలుగింటికి పశువుల డాక్టరు అశ్విని స్కూటీ మీద వచ్చింది. గొర్రె నోరు తెరిచి చూసింది. తర్వాత లేచి చుట్టూ చూసింది. కాళ్ళ కింద బురద, పేడ, నిలవ నీళ్ళు.

“ఈడ ఎవరు కట్టేసిండ్రు?”

“నేనే మేడం. మందకు దూరముండాలె గదా.”

“మంచి జాగనే దొరికింది నీకు. సన్నదోమలు పుట్టేదే గిసుంటి కాడ. పొద్దుగూకంగనే దీన్ని వాటికి బంతిల వడ్డించినట్టు వడ్డిస్తున్నవ్!”

బీరన్న తల గోక్కున్నాడు. అశ్విని నిదానంగా చెప్పింది. ఇది నీలినాలుక. బొబ్బరోగంలాగా ఒకదాన్నొకటి తాకితే అంటుకునేది కాదు, ఒకదాన్ని కుట్టిన దోమ ఇంకోదాన్ని కుడితేనే వస్తుంది. గొర్రెను వేరు చేయడం కాదు, దోమను దూరం పెట్టాలి.

“మరి పిల్ల?” మైసమ్మ ముందుకొచ్చి అడిగింది.

“తల్లికాడ ఇడువు అవ్వా. నోరు నొప్పికి మేస్తలేదు గని దానికి పాలున్నయ్. జావ తాపుండ్రి, లేస్తది.”

ఊదారంగు మందునీళ్ళతో దాని నోరు కడిగి, పుండ్లకు మందు పూసి, సూది వేసింది. మంద మొత్తాన్ని ఎత్తు మీదికి, ఎండిన చోటికి మార్చమని చెప్పింది.

పొద్దు వాలేలోపు బీరన్న మందను ఎత్తు దిబ్బ మీదికి తోలి, జబ్బు గొర్రెను భుజాలకెత్తుకుని అక్కడికే తెచ్చాడు. సరళ మంద చుట్టూ నాలుగుచోట్ల పిడకలు రాజేసి పచ్చి వేపాకు వేసింది. పొగ కమ్ముకుంది. మైసమ్మ పిల్లను ఎత్తుకొచ్చి తల్లి ముందు దింపింది.

తల్లి వాసన చూసింది. తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీకొట్టింది.

మైసమ్మ అక్కడే కూలబడింది. “అయిపాయె. మర్శిపోయింది. మూడు దినాలకే మర్శిపోయింది.”

“ఏం మర్వలే. దానికి మేకపాల వాసన కొడుతుంది. జర ఆగవే అమ్మా,” అన్నాడు బీరన్న. తల్లి పొదుగు కింద దోసిలి పట్టి నాలుగు ధారలు పిండాడు. ఆ పాలు పిల్ల నెత్తికి, వీపుకి, తోక మొదటికి బాగా రుద్దాడు. పిల్లను వెనకవైపు నుంచి పొదుగు కిందికి నెట్టాడు.

తల్లి మెడ తిప్పి తోక దగ్గర మూతి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. నాకాలని నాలుక చాపి, నొప్పికి వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది. దాని గొంతులోంచి చిన్నగా గురగుర వచ్చింది. పిల్లల తల్లి తప్ప వేరే గొర్రె చేయని చప్పుడది. పిల్ల ముందుకాళ్ళు మడిచి పొదుగును ఒక్క పోటు పొడిచింది, తోక గిరగిరా ఆడసాగింది.

“సూసినవా?” అన్నాడు బీరన్న.

మైసమ్మ పొగకు కారిన నీళ్ళో ఇంకేవో, కొంగుతో ముఖం తుడుచుకుంది. “అత్తా, పొద్దటిసంది ఏం తినలే నువ్వు,” అంది సరళ.

“అన్నం పెట్టు బిడ్డా,” అంది మైసమ్మ. “మస్తు ఆకలైతంది.”