నా గొంతులో పురుడు

నేను ఒక గ్యాస్ నెగడును. నవ్వకండి. నెగడంటే కట్టెలు, చుట్టూ కూర్చుని చెప్పుకునే కబుర్లు అని నాకూ తెలుసు. నాకూ కట్టెలున్నాయి. కాకపోతే పింగాణీవి, ఎంత మండినా కాలవు. వాటి కింద బెజ్జాల బర్నరు, ముందు అద్దం, వెనక పొగగొట్టం. సిలిండరు బయట వరండాలో ఉంటుంది.

నేను పుట్టింది కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో. అక్కడినుంచి విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరుగారి మేడకు చేరాను. సముద్రపు ఉక్కలో నెగడెందుకని ఎవరూ అడగలేదు. చుట్టాలొచ్చినప్పుడు ఏసీ బాగా చల్లగా పెట్టి, ఆ చలికి నన్ను వెలిగించి, నా ముందు ఫొటోలు దిగేవారు. దసరాకి నా నెత్తిమీదే బొమ్మల కొలువు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఆ మేడ కొనుక్కున్నవాళ్లు నన్ను వద్దన్నారు. లంబసింగి దగ్గర గెస్ట్‌హౌసు కట్టుకుంటున్న ఒకాయన నన్ను లారీ ఎక్కించాడు.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నాకు ఆశ పుట్టింది. ఇక్కడి చలి నిజం చలి. ఇక్కడైనా ఎవరికో ఒకరికి పనికొస్తాననుకున్నాను. వచ్చినవాళ్లు ఇక్కడా ఫొటోలే దిగారు.

గెస్ట్‌హౌసు చూసుకునేది సోములు, అతని భార్య బోడకొండమ్మ. ఆవిడ నన్ను చూసిన మొదటిరోజే మూతి తిప్పింది. "కాలని కట్టెలేటి, ఉడకని పప్పునాగ!" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ రోజూ నా అద్దం తుడిచేటప్పుడు ఆవిడ చెయ్యి మెత్తగా ఉండేది. పోనీలే పాపం అనుకున్నాను.

ఒక ఏడు వానాకాలంలో, ఎవరూ నన్ను వెలిగించని రోజుల్లో, ఒక సాలీడు నా గొంతులో దూరింది. గొంతంటే గాలీ గ్యాసూ కలిసి బర్నరుకు వెళ్లే గొట్టం. అందులో రేగుపండంత తెల్లని గూడు కట్టుకుని గుడ్లు పెట్టింది. నేనూ ఊరుకున్నాను. మనుషులకెలాగూ అక్కరకు రాలేదు, దీనికైనా ఇల్లయ్యాను కదా అని లోలోపల మురిశాను.

కార్తీకం చలి దిగీ దిగగానే సోములు వాళ్లమ్మాయి చిలకమ్మకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్ల పిడికెడంత ఉంది. ఆసుపత్రినుంచి పంపేటప్పుడు నర్సమ్మ గట్టిగా చెప్పిందట: పిల్లను గుండెకు ఆనించుకోవాలి, గది వెచ్చగా ఉండాలి, తలుపులేసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు, ఆ గాలి విషం. సోములు కాపురం ఉండే గదికి రేకుల కప్పు, అన్ని పక్కలా ఈదురుగాలి. గెస్ట్‌హౌసు యజమానికి ఫోన్ చేస్తే, "అడగడమేమిటయ్యా, పిల్లను హాల్లోకి తెచ్చుకోండి, నెగడు వెలిగించుకోండి" అన్నాడు.

నా బతుకులో మొదటిసారి నేను కావలసివచ్చాను. సోములు మర తిప్పి వెలిగించాడు. ఒత్తి తగ్గించిన లాంతరులా లేచింది నా మంట. పచ్చగా, నీరసంగా. అంత హాలుకు అది ఏ మూలకి? ఏనుగు దాహానికి చూరునీళ్లు! సిగ్గుతో చచ్చిపోయాను.

సోములు సిలిండరు మార్చాడు. వంటింటి రెగ్యులేటరు తెచ్చి బిగించాడు. రబ్బరు ట్యూబు ఎక్కడైనా నలిగిందేమోనని తడిమి చూశాడు. చివరికి సిలిండరుకే చలేసిందని తేల్చి, దానికో రగ్గు కప్పాడు. నర్సీపట్నం మెకానిక్కుకి ఫోన్ చేస్తే, మంచులో ఘాట్ ఎక్కలేను, రేపొస్తానన్నాడు. సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ? ఉన్న గొంతేమో గూడుతో మూసుకుపోయింది.

సాయంత్రమైంది. బోడకొండమ్మ మనవరాలి పాదాలు పట్టుకు చూసింది. "సల్లగున్నాయే అమ్మీ" అని గబగబా వంటింట్లోకి వెళ్లి ఊదుగొట్టం తెచ్చింది. కట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టే కూర్చుని, నా అద్దం తీసి, బుగ్గలు పూరించి ఊదింది. ఉన్న మంటా ఆరిపోయింది.

సోములు ఉరికివచ్చి మర కట్టేశాడు. కిటికీలు తెరిచాడు. "ఒసే, గ్యాసుని ఊదుతావేటే! బుర్ర గానీ ఉందేటి?"

"నీ రగ్గుకి సిలిండరు నిద్దరోయింది గానీ మంట లేసిందేటి?" అందావిడ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. "పొయ్యి మండకపోతే గాలి ఆడనట్టే. ఆ గొట్టం ఇప్పు, ఊది సూస్తాను."

భార్య అన్నది తప్పని రుజువు చేయడానికే సోములు నా గొంతు గొట్టం విప్పాడు. ఆవిడ ఒక కొసకు ఊదుగొట్టం ఆనించి ఊదింది. ఒకసారి, ఇంకోసారి. మూడోసారికి రెండో కొసనుంచి తెల్లని గూడు జారి ఆవిడ ఒళ్లో పడింది.

"బయట పారీ" అన్నాడు సోములు.

"ఊరుకోయ్యా, ఇదీ పురుడే. సలికి సోటెతుక్కుని వచ్చుంటాది, పాపం." ఆవిడ ఆ గూడును రెండు వేళ్లతో ఎత్తి, పొగగొట్టం పక్కనున్న గోడ సందులో పెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గొట్టం బిగించి వెలిగించారు. కట్టెలన్నిటినీ చుట్టుకుని నీలంగా లేచాను. ఉన్న ఊపిరంతా పెట్టి మండాను. కాసేపటికి బోడకొండమ్మ మళ్లీ ఆ పాదాలు పట్టుకుంది. "ఎచ్చబడ్డాయే!" అంది. తల్లి గుండెమీద పిల్ల నిద్రపోతోంది. నా ముందు ఆ రోజు ఎవరూ ఫొటో దిగలేదు.

ఇప్పుడు నా కట్టెలు బీటలువారాయి. నన్ను తీసేసి మంట కనబడే టీవీ పెడదామని యజమాని కొడుకు అంటున్నాడు. పెట్టనీ. ఏటా చలికాలం ముందు గొట్టం విప్పగానే ఆ మనవరాలు ఊదుగొట్టం పుచ్చుకుని పరుగెత్తుకొస్తుంది. ఊదేముందు లోపలికి చూసి, "ఎవులమ్మా లోపల? పిల్లల్ని ఎట్టుకున్నారేటి?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే బుగ్గలు పూరించి ఊదుతుంది.

నా గొంతుకు తగిలే ఆ ఊపిరి వెచ్చగా ఉంటుంది.