దాదాపు ఖర్చు లేని వెలుతురు

గ్యారేజీలో ట్యూబులైటు గుడ్డిదీపంలా వెలుగుతున్నా ఇల్లాలు ఏనాడూ నోరెత్తలేదు. అదేమీ ఓర్పు కాదు. కిందటి నెల ఆమె కారు వెనక్కి తీస్తుంటే ఎడమ తలుపు గోడకు రాసుకుని గీత పడింది. ఎర్ర కారు కదా అని ఆ గీత మీద తన గోళ్లరంగు పూసి, మసక వెలుతురు చాటున గుట్టు కాపాడుకొస్తోంది.

మొగుడు పిల్లికి కూడా బిచ్చం పెట్టని రకం. కొత్త లైట్లు కొనడానికి చెయ్యి రాక, ఆదివారం తనే నిచ్చెనెక్కి ట్యూబు మీది దుమ్ము తుడిచాడు, స్టార్టరు మార్చాడు, ఇంట్లో మిగిలిన తెల్లరంగు గోడలకూ కప్పుకూ కొట్టాడు. స్విచ్చి వేసేసరికి గ్యారేజీ పట్టపగలులా వెలిగింది.

"చూశావా, దాదాపు ఖర్చే లేదు," అన్నాడు భార్యను పిలిచి, మీసం దువ్వుకుంటూ.

ఆమె గబగబా వచ్చి ఎడమ తలుపుకు అడ్డంగా నిలబడింది. "బాగుందండీ. ఇక భోజనానికి రండి."

ఆయన ఆమెను పక్కకు జరిపి గీతను చూశాడు, తర్వాత ఆమె గోళ్ల వంక చూశాడు.

"ఆ సీసాలో ఇంకా ఏమన్నా మిగిలిందా?" అన్నాడు గొంతు తగ్గించి. "కుడి తలుపు మీద నేను పెట్టిన గీతను స్కెచ్ పెన్నుతో దిద్దాను. ఈ వెలుతురులో అస్సలు కలవట్లేదు."