చెరిసగం జడలు

వీధిలో ఎంతటి పెద్దమనిషైనా సరే, సెలూన్ బాబాయ్ కత్తి పట్టుకుంటే నోరెత్తకుండా మెడ అప్పగించాల్సిందే. ఆ చేతి మీద అంత నమ్మకం. అలాంటి చేతిని కన్నకూతురే పూచికపుల్లలా తీసిపారేసిందంటే ఎంత అప్రతిష్ఠ చెప్పండి!

భార్య నర్సు. పిల్ల పుట్టాక మానేసిన ఉద్యోగం ఇన్నేళ్ళకు మళ్ళీ దొరికింది, అదీ పొద్దుటి షిఫ్టు. పాప లేవకముందే ఆవిడ వెళ్ళిపోవాలి. "పిల్ల పని చెరిసగం. పొద్దుటిదంతా నాది" అని మన బాబాయ్ మీసం మెలేశాడు. పాలు తాగించాడు, స్నానం చేయించాడు, బ్యాగు సర్దాడు. అంతా బాగానే ఉంది. జడల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది.

కత్తిరించడం వచ్చు గానీ, అల్లడం ఆయనకెవరు నేర్పారు? ఒక జడ మోకులా, ఇంకోటి ఎలుకతోకలా తయారయ్యాయి. పైగా ఒకటి పొడుగు. చేతి అలవాటు ఊరుకుంటుందా? "కొస కాస్త సమానం చేద్దాం" అని కుడివైపు కత్తెర వేశాడు. ఎడమది పొడుగైంది. దాన్ని కత్తిరించాడు. మళ్ళీ కుడిది. చివరికి రెండు జడలూ మెడ దాటని పిలకలయ్యాయి. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, టోపీ పెట్టుకుని బడికెళ్ళింది.

సాయంత్రం భార్య చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమండోయ్ మహానుభావా! చెరిసగం చేయమన్నది పని. దాని జుట్టు కాదు!" అంతలోనే పాప ఉబ్బిన కళ్ళు చూసి చల్లబడిపోయింది. "రేపూ ఇది ఇలాగే ఏడిస్తే నేను డ్యూటీ మానేస్తానండీ. నావల్ల కాదు."

ఆ మాట బాబాయ్‌కి చురుక్కున తగిలింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఆవిడ కూనిరాగం తీయడం ఎన్నాళ్ళకు విన్నాడు! తన చేతకానితనం వల్ల అది ఆగిపోతే ఇక ఆ ఇంట్లో తలెత్తుకు తిరగగలడా?

మర్నాడు దువ్వెన చూడగానే పాప చప్పుడు చేయకుండా మంచం కిందికి దూరింది. ఏం తోచక బాబాయ్, ముందుగదిలోనే ఉన్న సెలూన్ తలుపులు తీసి, తిరిగే కుర్చీ దులిపి, లోపలికి కేకేశాడు. "తర్వాత ఎవరండీ?"

మంచం కింద నుంచి తల బయటికొచ్చింది. "నేనే." వచ్చి దర్జాగా కూర్చుంది. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టాడు.

"ఎలా కావాలండీ?"

"రెండు జడలు. కత్తెర ముట్టుకోకూడదు."

"ఒట్టు. ఇంకేంటండీ విశేషాలు?"

ప్రతి గిరాకీనీ అడిగే మాటే అది. ఆ కుర్చీలో ఆ మాట వింటే ఎవరి కడుపులో మాటైనా బయటపడాల్సిందే.

పాప అద్దంలోకి చూస్తూ ఆరిందాలా నిట్టూర్చింది. "ఏం చెప్పమంటారు బాబాయ్! మా ఇంట్లో ఒకాయనున్నాడు. జడ వేయడం రాదు. నేను ఏడిస్తే మా అమ్మ డ్యూటీ మానేస్తుందంట. అందుకే ఇవాళ ఎలా వేసినా ఏడవకూడదనుకున్నా. ఆయనకి చెప్పకండి. పాపం, బాధపడతాడు."

దువ్వెన ఆగింది.

"చెప్పనండీ" అన్నాడు బాబాయ్. అప్పటిదాకా అల్లిన జడ విప్పి మళ్ళీ మొదటి నుంచి అల్లాడు.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "ఏడ్చిందా?"

"లేదు."

"మరి మీ గొంతేంటండీ, అలా ఉంది?"

"సాయంత్రం నీ జుట్టు మీద నాకు అల్లడం నేర్పు. మానేస్తానన్న మాట మాత్రం ఇంకెప్పుడూ దాని చెవిన పడనీయకు. అది ఇప్పట్నుంచే ఏడుపు మింగుతోందే."