ముసలమ్మ నిద్రలో ఉంది, తలుపు తీయొద్దు

ద్రవ నైట్రోజన్ పీపాలో ఇక ఒక్క గొట్టమే మిగిలింది. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం. దాని మీద చెల్లెలి చేతిరాతలో "ముసలమ్మ, నాలుగు" అని ఉంది. ఒకటీ, రెండూ, మూడూ అక్క చేతుల్లోనే పోయాయి.

ముసలమ్మ ఒక తాబేలు. తన జాతిలో ఆఖరిది. జంతుశాల కొలనులో ఎవరికీ సరిగ్గా తెలియనన్ని ఏళ్లు బతికి, రెండేళ్ల కిందట ఒక ఉదయం కన్నుమూసింది. కబురు తెలియగానే చెల్లెలు పరుగున వెళ్లి, వెనక కాలి దగ్గర గోరంత చర్మం తీసుకొచ్చి, అందులోంచి కణాలను పెంచింది. ఆ కణాలు ఫ్లాస్కులో పెరుగుతూ ఉంటే చాలు, పోయిన జాతి జన్యువులన్నిటినీ చదవొచ్చు. తాబేలు నెలల తరబడి ఊపిరి బిగబట్టి ఎలా ఉంటుందో, అంతకాలం ఎలా బతుకుతుందో, ఒక్కొక్క జన్యువునూ ఆపి చూసి తెలుసుకోవచ్చు. అందుకోసం బతికున్న ఏ తాబేలునూ కోయనక్కర్లేదు.

చెల్లెలు ఆ కణాలను నాలుగు గొట్టాల్లో గడ్డకట్టించి దాచింది. ఐదోది నింపేలోగా జబ్బు ముదిరింది. ఆమె పోయి ఏడు నెలలైంది.

ఇద్దరూ ఒకే ల్యాబులో పనిచేశారు. అక్కది ఎలుక కణాల పని. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తోంది. చేయి తిరిగిన మనిషి అని అందరికీ నమ్మకం. అందుకే ల్యాబు నడిపే మేడమ్ ఆ నాలుగు గొట్టాలనూ వేరే ఎవరికీ ఇవ్వకుండా ఆమెకే అప్పగించింది.

ఇప్పుడు అదే మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమనుకోకు పెద్దమ్మాయ్. ఈ ఒక్కటీ వేరే ల్యాబుకి పంపేద్దాం. ఇది కూడా పోతే మనం ఎవరికీ మొహం చూపించలేం."

"నా చేతిలో తప్పేం జరుగుతోందో నాకు తెలియట్లేదు మేడమ్. అది తెలుసుకోకుండా పంపితే వాళ్ల చేతిలో మాత్రం బతుకుతుందా?"

"సోమవారం దాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

అక్క చెల్లెలి నోటుపుస్తకం మళ్లీ తీసింది. ఎన్నిసార్లు చదివిందో. మందుల కొలతలు, ఫ్లాస్కును వెచ్చగా ఉంచే పెట్టెలో వేడి ముప్పై డిగ్రీలు, అన్నీ ఉన్నాయి. అన్నీ అలాగే చేసింది. మొదటిరోజు రాత తర్వాత తొమ్మిది వరసలు ఖాళీ. అప్పటికే ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రోజులవి. పాపం, రాలేకపోయి ఉంటుంది అనుకుని ఎప్పటిలాగే పేజీ తిప్పేసింది.

చెల్లెలి బీరువా ఖాళీ చేయాల్సిన పని కూడా మిగిలే ఉంది. అందులో నల్లగొడుగు ఒకటి దొరికింది. పిడికి తాడు చుట్టి ఉంది. జంతుశాలలో కొలను చూసుకునే తాతది. శనివారం పొద్దున అది ఇచ్చేద్దామని వెళ్లింది.

తాత కొలను గట్టు మీద కూర్చుని ఆకుకూర తరుగుతున్నాడు. గొడుగు చూసి నవ్వాడు.

"రెండు వానాకాలాలు తడిశాను దీనికోసం. మీ చెల్లెల్ని అడిగితే, 'ముసలమ్మను చూడ్డానికి రా తాతా, అప్పుడిస్తా' అనేది. వెళ్తే లోపలికి రానిస్తేగా!"

"రానివ్వలేదా?"

"నాలుగుసార్లు తిరిగాను. ఇరవై ఏళ్లు మేపినవాణ్ణి, నాకే చూపించదు! పెట్టె తలుపు మీద చీటీ అంటించుకుని కాపలా కుక్కలా దాని ముందే కూర్చునేది. 'ఇంకా తేలుతూనే ఉంది తాతా, అడుక్కి దిగలేదు, కదిపితే పోతుంది' అనేది. దానిదంతా నిదానమే అమ్మా. ఒక ఆకు నమలడానికి పూట పట్టేది. పళ్లు లేవుగా. నాకూ లేవనుకో."

అక్క గట్టు మీద కూర్చుండిపోయింది.

"తాతా, తేలుతూ ఎన్నాళ్లుంది?"

"తొమ్మిది రోజులో, పదో. ఏం, ఎందుకట్లా అయిపోయావు?"

ఎలుక కణాలు రాత్రికి రాత్రే ఫ్లాస్కు అడుగున అతుక్కుంటాయి. తెల్లవారేసరికి ఇంకా పైన తేలుతున్నవి చచ్చినవే. వాటిని ద్రవంతో సహా పీల్చేసి, పారబోసి, కొత్త ద్రవం పోయాలి. పద్దెనిమిదేళ్లుగా అక్క రోజూ పొద్దున్నే మొదట చేసే పని అదే. మూడుసార్లూ అదే చేసింది. తేలుతున్నవాటిని, కణాలను చంపే మందునీళ్ల సీసాలోకి పీల్చేసి, మూత బిగించి, చేతులు కడుక్కుంది.

చెల్లెలు వరసలు ఖాళీగా వదిలింది ఆసుపత్రికి వెళ్లి కాదు. ఆ తొమ్మిది రోజులూ ల్యాబులోనే ఉంది. ఏమీ చేయకుండా ఉండటమే అప్పుడు ఆమె పని. అందులో రాయడానికేముందని రాయలేదు.

ఇక చీటీ. దాన్ని పెట్టె తలుపు మీద అక్క కూడా చూసింది. చెల్లెలు ఎప్పుడూ ఏదో ఒకటి రాసి అంటించేది, మొదటి మాటలు చూసి ఇదీ ఆటకే అనుకుని పూర్తిగా చదవలేదు. చెల్లెలు పోయాక నాలుగో రోజున ల్యాబుకొచ్చినప్పుడు ఆ అక్షరాలు చూడలేక, గోటితో గీకి తీసేసి, మడిచి సంచీలో వేసుకుంది.

ఇప్పుడు సంచీ లోపలి అర తెరిచి మడత విప్పింది. "ముసలమ్మ నిద్రలో ఉంది. పది రోజులు తలుపు తీయొద్దు. అక్కా, నీకే చెప్తున్నా."

చివరి మాట ఆమె ఇంతకుముందు చదవలేదు. తీసేటప్పుడే కళ్లు మసకబారాయి.

ఆసుపత్రిలో చివరి వారం గంటకోసారి దుప్పటి జరిపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది అక్క. "నేనింకా ఉన్నానక్కా. పడుకోనీ కాసేపు" అంది చెల్లెలు ఒకసారి, కళ్లు తెరవకుండానే. అయినా చూడటం మానలేదు. మానడం చేతకాలేదు.

సోమవారం అక్క మేడమ్‌కి జరిగిందంతా చెప్పింది. మేడమ్ చెల్లెలి నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని ఆ ఖాళీ వరసలు చూసింది.

"పారబోసినవి... అప్పటికి బతికే ఉన్నాయంటావా?"

"ఉన్నాయి మేడమ్."

"సరే. నువ్వే చెయ్."

నాలుగో గొట్టం గోరువెచ్చని నీళ్లలో నిమిషన్నరలో కరిగింది. కణాలను ఫ్లాస్కులోకి మార్చాక ఖాళీ గొట్టాన్ని నియమం ప్రకారం మందునీళ్ల బక్కెట్‌లో వేయాలి. అక్క దాన్ని కాసేపు పట్టుకుంది. తర్వాత వేసింది. సిరా చెదిరి, "నాలుగు" ముందు పోయింది. "ముసలమ్మ" కాస్త ఆలస్యంగా పోయింది.

చీటీని మళ్లీ తలుపు మీద అంటించింది. పది రోజులు ఆ తలుపు ముందు నుంచే తన ఎలుక కణాల దగ్గరికి వెళ్లివచ్చింది. చేయి హ్యాండిల్ దాకా వెళ్లినప్పుడల్లా చీటీ చదివేది. చివరి మాట వరకూ చదివేది.

పదకొండో రోజు తాతను రమ్మంది. కణాలను చూసినప్పుడు ఇద్దరు చూసి సంతకం పెట్టడం ఆ ల్యాబు పద్ధతి. రెండో సంతకం ఎప్పుడూ చెల్లెలిదే.

ముందు అక్క సూక్ష్మదర్శినిలో చూసింది. అడుగున అతుక్కుని, సన్నగా సాగిన కణాలు, ముప్పైకి మించవు. చాలా కొద్ది. కానీ వాటిలో ఒకటి రెండుగా విడిపోతోంది.

తాత వంగి, ఒక కన్ను మూసుకుని చూశాడు.

"ఇదేనా మా ముసలమ్మ?"

"ఇదే."

"కదలట్లేదే?"

"అదెప్పుడు కదిలింది తాతా?"

తాత నవ్వబోయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "చిన్నమ్మాయి చూసుంటే..." అని ఆపేశాడు.

అక్క నోటుపుస్తకం తెరిచి పది వరసల్లో రోజుకో వరసగా "ఏమీ చేయలేదు" అని పదిసార్లు రాసింది. పదకొండో వరసలో కణాల లెక్క వేసింది. దాని కింద, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇంకొంత రాసి, పెన్ను తాతకిచ్చింది.

"ఏం రాశావమ్మా? తెలియకుండా సంతకం పెట్టను."

ఆమె చదివి వినిపించింది. "తేలుతున్నవి చచ్చినవి కావు. మొదటి మూడు గొట్టాలనూ బతికుండగానే నేను పారబోశాను."

తాత ఆ వరస మీద కాసేపు వేలు ఉంచాడు. తర్వాత సంతకం పెట్టాడు.

"చీటీ గట్టిగా అంటుకునే ఉందా?" అన్నాడు లేస్తూ.

"ఉంది" అంది అక్క, ఫ్లాస్కును మళ్లీ లోపల పెట్టి, తలుపు మూస్తూ.