గుమ్మటాల మేస్త్రీ పెళ్ళాం

మేస్త్రీ పోయి ఏడాది తిరిగినా ఆవిడకు ఆయన మీద కోపం తగ్గలేదు. మొగుడన్నవాడు ఇంటిపట్టున ఉంటే కదా! బతికినన్నాళ్ళూ రాష్ట్రమంతా తిరిగి చర్చీల లోపలి కప్పులకు సున్నపు పూత పూశాడు. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, గోళ్ళలో సున్నమైనా వదలకముందే మళ్ళీ సంచి సర్దేవాడు. ఒట్టి పని కోసం ఎవరైనా అంతకాలం ఊళ్ళు పట్టుకు తిరుగుతారా? ఎక్కడో ఇంకో కాపురం ఉండే ఉంటుందని ఆడపడుచే ఓసారి నోరు జారింది. ఆ మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

అందుకే కొడుకు, నాన్న పూసిన కప్పులన్నీ వెతికి చూసొద్దాం రమ్మంటే మారు మాట్లాడకుండా బయల్దేరింది. వాడు చూడబోయేది కప్పుల్ని. ఆవిడ చూడబోయేది సవతిని.

కొడుకూ తాపీ పనివాడే. ఏ చర్చీలో పని చేశాడో నాన్న ఎప్పుడూ చెప్పలేదు, కప్పు మీద పేరు రాసుకునే అలవాటు ఆ పనిలో లేదు. అయితే ఆయనది ఎడమచేతి వాటం. అందరి తాపీ ఒకవైపు తిరిగితే ఆయనది రెండోవైపు తిరిగేది. వెలుతురు ఏటవాలుగా పడితే సున్నంలో ఆ వంపు తెలుస్తుంది. కొడుకు ఏ చర్చీలోకి వెళ్ళినా కిటికీ పక్కన చేరి, మెడ వెనక్కి వాల్చి, కాసేపు చూసి, మనది కాదనేవాడు. నక్షత్రాలతో ధగధగలాడే కప్పునూ కాదన్నాడు, దేవదూతలు ఎగిరే కప్పునూ కాదన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. బాగున్నదల్లా మీ నాన్నది కాదంటావేమిట్రా, ఆయన బాగులేనివే ఏరుకున్నాడా అని దెప్పింది.

ఆయన పని దొరికినచోట మాత్రం ఆవిడ తల ఎత్తేది కాదు. తిన్నగా చర్చి కాపలావాళ్ళ దగ్గర చేరి, ఊసుపోక అడిగినట్టే అడిగేది. మేస్త్రీకి వంట ఎవరు చేసేవారు, బట్టలు ఎవరు ఉతికేవారు, సాయంత్రాలు ఎటు వెళ్ళేవాడు. ఒకచోట గుర్తులేదన్నారు. ఇంకోచోట తనే వండుకునేవాడన్నారు. తనే వండుకునేవాడట! ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మహానుభావుడు. దాంతో ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది.

చివరికి కొండ మీద చర్చికి చేరారు. బయటినుంచి చూస్తే పాత గోదాములా ఉంది. తాళం తీసిన ముసలామె, ఎడమచేతి మేస్త్రీ అనగానే మొహం ఇంత చేసుకుంది. ఇక దొంగ దొరికాడనుకుంది ఆవిడ. కొడుకును బయటే ఉండమని, డొంకతిరుగుడు మానేసి అడిగేసింది.

"ఆయన ఇక్కడ ఎవరితో ఉండేవాడమ్మా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

"ఎవరితోనా? పరంజా మీద పని, దాని కిందే పడక. పనైపోయి పరంజా విప్పేశాక కూడా కదల్లేదు. పొద్దస్తమానం ఇక్కడే వెల్లకిలా పడుకుని పైకి చూస్తుండేవాడు. ఇంటికెళ్ళవా అయ్యా అంటే, ఇంకొంచెం చూసి వెళ్తాననేవాడు."

సరిగ్గా ఎక్కడ పడుకునేవాడో అడిగి తెలుసుకుని, మోకాళ్ళు మొరాయిస్తున్నా బెంచీ పట్టుకుని మెల్లగా వంగి, ఆ నేల మీదే తానూ పడుకుంది. అప్పుడు చూసింది పైకి.

గుమ్మటంలో రంగు లేదు, బొమ్మ లేదు. ఉత్త తెల్ల సున్నం. ఆ తెలుపు సుళ్ళు తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోయింది. ఎక్కడ ఆగిందో కంటికి అందలేదు. చిన్న కిటికీల్లోంచి వచ్చిన వెలుతురు ఆ వంపుల వెంట నిదానంగా పాకుతోంది. ఆవిడకు తను నేల మీదే ఉందో, తేలిపోతోందో తెలియలేదు. భయం వేసింది, ఆ భయం పోకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది. తన చేతి అన్నం తిన్న చేతులేనా ఇంత పని చేసింది? ఇంతకాలం పక్కలో మసలినవాడి లోపల ఇంత ఉందా?

ఎంతసేపటికీ రాకపోయేసరికి కొడుకు లోపలికొచ్చి, తల్లి నేల మీద ఉండటం చూసి హడలిపోయాడు. ఆవిడ లేవలేదు.

"ఇంకెవరూ లేర్రా. దీనికోసమే తిరిగాడు. ఇలాంటిదుందని తెలిస్తే నేనూ ఇల్లొదిలి వచ్చేసేదాన్ని."

కొడుకు తలెత్తి పైకి చూశాడు.

"ఒక్కసారి నన్నూ తీసుకొచ్చి చూపిస్తే ఆయన సొమ్మేం పోయిందిరా? నోరు మూసుకుని పక్కనే పడుకునేదాన్ని కదా."

కొడుకు వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద పడుకున్నాడు.