ఐసిల్డా ఎత్తుకెళ్ళిన పట్టు

కింగ్‌స్టన్‌లో వెర్నల్ పూసీ పాట తెలియనివాళ్ళు లేరు. పందొమ్మిది వందల అరవై నాలుగులో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో పాడాడు. స్కా అనే ఆటపాటల బాణీ జోరు మీదున్న రోజులు. దరువుకీ దరువుకీ మధ్య బూరలు ఎగిరిపడుతుంటే జనం చెమటలు కారేదాకా ఆడేవారు. 'ఐసిల్డా పట్టు ఎత్తుకెళ్ళింది, గౌను కింద దాచుకెళ్ళింది.' పాటంతా అదే.

ఐసిల్డా నిజంగానే ఉంది. పక్క వీధి దర్జీ కొట్లో కుట్టుపని చేసేది. పెళ్ళి చేసుకుందామని వెర్నల్ అడిగితే నవ్వేసింది. ఆ నవ్వు అతనికి మింగుడుపడలేదు. పట్టు దొంగతనం అతను స్టూడియో మెట్ల మీద కూర్చుని అల్లిన కట్టుకథ. నెల తిరక్కుండానే కొట్టు యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. మొరాంట్ బే అనే ఊరికి వెళ్ళిపోయిందని ఎవరో చెబితే వెర్నల్ విననట్టే ఊరుకున్నాడు.

పాట ఊరుకోలేదు. డెబ్బై తొమ్మిదిలో ఇంగ్లండులో నల్లకోట్ల కుర్రాళ్ళు దాన్ని రెట్టింపు వేగంతో పాడారు. తర్వాత ఒక ఫ్రెంచి అమ్మాయి జోలపాటలా సాగదీసి పాడింది. జపానువాళ్ళు మాటలు తీసేసి ఒట్టి బూరలతో వాయించారు. అందులో పేరు లేదు గనక వెర్నల్ ఆ ఒక్కదాన్నే చివరిదాకా వినగలిగేవాడు.

డెబ్బై ఏళ్ళు దాటాక ఒకరోజు బస్సెక్కి మొరాంట్ బే వెళ్ళాడు. ఐసిల్డా వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.

"గుర్తుపట్టావా?" అన్నాడు.

"నీ గొంతు మరిచిపోనిచ్చారా ఎవరైనా? కూర్చో."

"తప్పు చేశాను, ఐసీ. ఇంగ్లండువాళ్ళు పాడినప్పుడైనా నోరు విప్పాల్సింది."

"వాళ్ళనేమంటాంలే. వాళ్ళకి ఐసిల్డా అంటే ఒట్టి పేరు. నీకు నేను మనిషిని కదా."

అతను తల దించుకున్నాడు.

"ఇక్కడివాళ్ళు మంచివాళ్ళే," అందామె కాయ ఒలుస్తూనే. "పెళ్ళిగౌను కుట్టమని ఇచ్చేటప్పుడు మాత్రం గుడ్డ కొలిచి మరీ ఇచ్చేవాళ్ళు. నవ్వుతూనే అనుకో."

"ఇప్పుడేం చేయమంటావు?"

"నాకు చెప్తావేం? నాకు తెలియనిదా? పాడినచోట చెప్పు."

ఆగస్టులో వాళ్ళ దేశపు స్వాతంత్ర్య దినం నాటి మధ్యాహ్నం, కింగ్‌స్టన్ పార్కులో కచేరీ. వెర్నల్ 'ఐసిల్డా ఏమీ ఎత్తుకెళ్ళలేదు' అని పాడాడు. పెద్దాయన మాటలు మరిచిపోయాడనుకుని జనం జాలిపడి పాత మాటలు అందించారు. అతను చెయ్యెత్తి వాద్యాలు ఆపించాడు.

"అది అబద్ధం. నన్ను కాదందన్న కోపంతో కట్టాను. ఆవిడ దొంగ కాదు."

"ముసలాయన భలే కథలు చెప్తున్నాడ్రా," అన్నారెవరో. నవ్వులు లేచాయి. డ్రమ్ములవాడు తెలియక మళ్ళీ అందుకున్నాడు. వేలమంది గొంతెత్తి ఆమెను దొంగను చేస్తుంటే వెర్నల్ మైకు కిందికి దించి నిలబడ్డాడు.

మర్నాడు ఫోన్ చేశాడు. "చెప్పాను, ఐసీ. ఎవరూ వినలేదు."

"రేడియోలో విన్నాను." అందామె. "మళ్ళీ చెప్తావా?"

"చెప్తాను."

"చెప్పు మరి," అని పెట్టేసింది.

ఆ ఏడు మరో నాలుగుచోట్ల చెప్పాడు. మూడుచోట్ల నవ్వారు. నాలుగోచోట ముందు వరసలో ఒకావిడ పాడటం ఆపి, అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు అతనికి చప్పట్లకంటే బరువుగా తగిలింది.